బిళ్ళకో కోటు

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య గొడవలు లేవు. చిక్కంతా అక్కడే ఉంది. గొడవ పడాలంటే కాస్తో కూస్తో చనువుండాలి. వాళ్ళిద్దరి మధ్య మర్యాద తప్ప ఇంకేమీ లేదు. పెద్దావిడ తన అద్దెగది ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వచ్చేసి ఏడాది దాటింది. ఇప్పటికీ వంటింటి గుమ్మం దగ్గర ఎదురుపడితే ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు. మీరు కూర్చోండి నేను చేస్తానని కోడలు, పర్లేదమ్మా నువ్వు రాసుకో అని అత్తగారు. సిటీ బస్సు నడిపే ఆ ఇంటి మగమనిషి మాత్రం, మా ఇంట్లో ఆడవాళ్ళు పాలూ నీళ్ళలా కలిసిపోయారని డిపోలో గొప్పలు చెప్పుకునేవాడు.

కోడలు ఆదివారం పత్రికలో తినుబండారాల గురించి ఒక శీర్షిక రాసేది. బజారులోకి కొత్తగా వచ్చిన బిస్కట్లు, చాక్లెట్లు, చప్పరించే బిళ్ళలు అన్నీ రుచి చూసి, ఏది కొనొచ్చో ఏది కొనక్కర్లేదో చెప్పడం ఆమె పని. ముసురు పట్టిన ఒక వారంలో సంపాదకుడు అట్టపెట్టె ఒకటి పంపించాడు. విప్పి చూస్తే అన్నీ అతిమధురం బిళ్ళలే. నల్లగా నాణేల్లా ఉన్నవి, తాడులా చుట్టలు చుట్టినవి, గులాబీ తెలుపు పొరల మధ్య ఇరికించినవి, మిరియం గింజంత గట్టివి, ఉప్పద్దిన పలకలు. అడుగున కాగితంలో చుట్టిన అసలు వేరు ముక్క కూడా ఉంది.

ఆమెకి చిన్నప్పటినుంచీ అతిమధురం అంటే గిట్టదు. పేరులో ఉన్న మధురం నోట్లో ఎక్కడా దొరకలేదు. ఒక్కొక్కటీ నాలుక చివర ఆనించి, ముఖం చిట్లించుకుని, నలుపు, జిగురు, తారు వాసన అని మూడు ముక్కలు రాసి పంపేసింది. సంపాదకుడు వెంటనే ఫోన్ చేశాడు. ఆయన కోప్పడే మనిషి కాదు, కానీ మెత్తగా అన్నా సూటిగా తగిలేలా అంటాడు. నచ్చకపోతే నచ్చలేదనే రాయమన్నాడు. కాకపోతే ఆ సంగతి నాలుక చెప్పాలి గానీ ముఖం చెప్పకూడదన్నాడు.

మధ్యాహ్నమంతా ఆమె ఆ పెట్టె ముందు బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. బయట వాన సన్నగా, ఎడతెగకుండా పడుతోంది. పగలే అయినా గదిలో వెలుతురు నీళ్ళు కలిసినట్టు పలచగా ఉంది. కిటికీ వెయ్యడానికని వచ్చిన అత్తగారు బల్ల దగ్గర ఆగింది.

"ఒకటి తీసుకోనా అమ్మా?" అంది.

ఆ ఇంట్లోకి వచ్చాక ఆవిడ నోరు తెరిచి తనకంటూ ఏదైనా అడగడం అదే మొదలు. కోడలు గబగబా పెట్టె అటు తిప్పింది. ఆవిడ నాణెంలాంటి బిళ్ళ ఒకటి ఏరుకుని బుగ్గన పెట్టుకుని, ఎదుటి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అని కోడలు అనుకుంటూ ఉండగా, కళ్ళు తెరవకుండానే అంది.

"ఈయన వానలో తడిసి వచ్చాడు."

కోడలు తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. పెద్దావిడకి ఒంట్లో ఎలా ఉందో అని కంగారుపడింది. ఆవిడ మాత్రం తీరిగ్గా చెప్పుకుపోయింది. మంచి ఉన్ని కోటు, పాతదే గానీ శుభ్రంగా చూసుకున్నది. కుడి జేబులో పొగాకు ఉండేది, ఈమధ్య మానేశాడు. భార్య పోయి చాలాకాలమైంది, అందుకే గుండీ ఒకటి వేరే రంగు దారంతో కుట్టి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది కోడలికి. పెళ్ళికి ముందెప్పుడో భర్త ఒక్క మాటలో చెప్పి వదిలేసిన సంగతి: అమ్మ నాటకశాలలో పనిచేసేది. ఏం పని అని తను అడగనేలేదు. ఇప్పుడు అడిగింది. నాటకానికి వచ్చినవాళ్ళు తడి కోట్లు విప్పి ఇస్తే తీసుకుని, వాళ్ళ చేతిలో అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ పెట్టడం, నాటకం అయ్యాక బిళ్ళ చూసి ఎవరి కోటు వాళ్ళకి తెచ్చివ్వడం. ఉద్యోగంలో చేరింది మొదలు మానేసేదాకా ఆవిడ చేసింది అదే.

"కోట్లు చూసిన చేతులమ్మా ఇవి" అంది ఆవిడ అరచేతులు చాపి. "ఒక్కటీ నాది కాదనుకో."

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆవిడకి బాగా నచ్చినట్టుంది. రెండో బిళ్ళ కూడా తీసుకుంది.

ఆ వారమంతా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. భోజనాలయ్యాక ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చునేవాళ్ళు. కోడలు బిళ్ళ అందించేది, అత్తగారు కళ్ళు మూసుకుని వెతికి వెతికి ఆ రుచికి తగ్గ కోటు తెచ్చేది. తాడు చుట్ట మెత్తగా, లోతు లేని తీపిగా ఉంటే, అది వాళ్ళన్న కోటు అడిగి తెచ్చుకున్న కుర్రాడని చెప్పింది. చేతులు పొడుగు, కాలరుకి తలనూనె, పక్కన కూర్చునే పిల్ల మీద తప్ప నాటకం మీద ధ్యాసే లేదు. గులాబీ తెలుపు పొరలది తనని ఎవరు చూస్తారా అని వచ్చిన మనిషి. లోపలి గుడ్డ పట్టు, జేబులు మాత్రం ఖాళీ. మిరియం గింజలాంటిది నోట్లో పడగానే ఆవిడ వీపు నిటారుగా పెట్టింది. ఈయన డాక్టరంది. కర్పూరం, స్పిరిటు కలిసిన వాసన. మాట్లాడేది తక్కువ, మాట్లాడితే కూర్చున్న వరసంతా వింటుంది. వేరు ముక్క ఇస్తే చాలాసేపు నమిలి, పీచు తీసేసి, "ఇది కోటు కాదమ్మా, గొర్రె" అంది.

తను రాయాలి కాబట్టి కోడలు కూడా అదే బిళ్ళ నోట్లో వేసుకునేది. నచ్చడం మొదలైందని కాదు. కానీ ఇదివరకులా నాలుక చివర ఆనించి వదిలేయకుండా, అత్తగారి గొంతు వెంట ఆ నల్లటి రుచిలోకి కొంచెం కొంచెం లోపలికి వెళ్ళేది. మొదట చేదు, ఆ వెనక సోంపులాంటి చల్లదనం, దాని వెనక తోలు, తడిసిన మట్టి, ఆఖర్న ఎక్కడో పేరుకి తగ్గ తీపి. వాన చప్పుడుకి కళ్ళు బరువెక్కేవి. తలుపు తెరల మడతలు వరసగా వేలాడదీసిన కోట్లలా కనిపించేవి. ఆ వరసల మధ్యనుంచి తను నడుస్తున్నట్టు, భుజాలకి తడి ఉన్ని తగులుతున్నట్టు, ఎక్కడో దూరాన గోడవతల జనం ఒక్కసారిగా నవ్వినట్టు ఉండేది. కలా అంటే కాదు, మెలకువా అంటే అదీ కాదు. కళ్ళు తెరిస్తే ఎదురుగా అత్తగారు, బల్ల మీద తను ఎప్పుడు రాసిందో తెలియని వాక్యాలు.

చివరికి ఉప్పు పలక మిగిలింది. దాన్ని నోట్లో వేసుకోగానే కోడలికి దవడలు లాగేశాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు మాత్రం కదలలేదు.

బిళ్ళ సగం కరిగాక మెల్లగా చెప్పింది. ఒక చలికాలం, నాటకం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక ఒక్క కోటు మిగిలిపోయింది. ఆడమనిషిది, బూడిద రంగు, దళసరి గుడ్డ. మర్నాడూ ఎవరూ రాలేదు, ఆ పై వారమూ రాలేదు. ఆ చలిలో కోటు లేకుండా గుమ్మం దాటడమే కష్టం, మరి ఆ మనిషి ఎలా వెళ్ళిందో, ఏ తలుపులోంచి వెళ్ళిందో ఎవరికీ తెలియలేదు. జేబులో ఇంత సముద్రపు ఇసక తప్ప ఏమీ లేదు. చలికాలమంతా అది చివరి కొక్కేనికి వేలాడుతూనే ఉంది. జనం లేనప్పుడు ఆవిడ దానితో రెండు మాటలు చెప్పుకునేది. ఆఖరికి మేనేజరు, పట్టుకుపొమ్మా, ఎన్నాళ్ళని ఉంచుతావన్నాడు.

వేసుకున్నారా అని కోడలు అడిగింది.

"ఒక్కసారి, ఇంటిదాకా. నాకే కుట్టించినట్టు సరిపోయింది. దాంతో భయమేసింది. మర్నాడు తీసుకెళ్ళి మళ్ళీ కొక్కేనికి తగిలించేశాను."

"భయమెందుకు?"

"ఆవిడ వచ్చి అడిగితే?"

కోడలు చేతిలో పెన్ను తిప్పుతూ కూర్చుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, నవ్వులాటగా అన్నట్టే అడిగింది.

"మరి నాదెలాంటి కోటు?"

అత్తగారు కళ్ళు తెరిచి ఆమెను చూసింది. ఎత్తిపొడుపు లేదు ఆ చూపులో. కౌంటరు అవతల చెయ్యి చాపి నిలబడ్డ మనిషి చూపు అది.

"నువ్వింకా విప్పి ఇవ్వలేదుగా తల్లీ."

కోడలు లేచి వెళ్ళిపోదామనుకుంది. నోట్లో ఉప్పు ఇంకా కరుగుతూనే ఉంది, అది కరిగేలోగా లేవడం ఎందుకో కుదరలేదు.

"మీరు మాత్రం ఇచ్చారా అత్తయ్యా?" అంది.

ఎప్పుడూ అత్తయ్యగారు అనే నోటినుంచి గారు జారిపోయింది. ఇద్దరూ గమనించారు. ముందు అత్తగారు పెదవులు బిగబట్టింది, తర్వాత బిగబట్టలేక నవ్వేసింది. పళ్ళన్నీ నల్లగా, బొగ్గు నమిలినట్టున్నాయి. కోడలి పళ్ళూ అంతే. ఒకరి నోరు చూసి ఒకరు పొట్ట పట్టుకున్నారు.

ఆ తర్వాత ఆగలేదు. తెల్లవారకముందే గిన్నెలు కడిగే చప్పుడుకి ఏడాదిగా తనకి నిద్రే లేదని కోడలు చెప్పేసింది. నీ వంటలో ఉప్పుండదు, నువ్వు చూడకుండా చిటికెడు చిటికెడు కలుపుకుని తింటున్నానని అత్తగారు చెప్పేసింది. కిటికీ మాట వచ్చేసరికి అసలైన పోట్లాటే అయింది. గాలి ఆడకపోతే తను ఒక్క మాట కూడా రాయలేనని కోడలు, ఈదురుగాలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని అత్తగారు. సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మగమనిషి, గుమ్మంలో టోపీ పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. ఏమైందని అడిగితే ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. ఆ నల్లటి నోళ్ళు చూసి అతను మారుమాట లేకుండా వంటింట్లోకి వెళ్ళి గుడ్లు వేయించడం మొదలుపెట్టాడు. కిటికీ సగం తెరిచి ఉంచేట్టు తీర్పయింది.

శీర్షిక వెళ్ళింది. ఎప్పుడూ వేసే మార్కులేవని సంపాదకుడు అడిగాడు. వీటికి మార్కులు వెయ్యడం కుదరదని, అత్తగారి మాటలు అత్తగారివిగానే వెయ్యాలని ఆమె గట్టిగా చెప్పింది. ఆయన కాసేపు గొణిగి ఉన్నదున్నట్టు అచ్చేశాడు. కొందరు చదువరులు తిట్టారు, ఎంత చప్పరించినా మాకే కోటూ కనిపించలేదని. ఒకాయన మాత్రం మిరియం గింజ విషయంలో పెద్దావిడ చెప్పింది అక్షరాలా నిజమని ఒప్పుకున్నాడు. కోడలికి అతిమధురం ఇప్పటికీ అంతంతమాత్రమే.

వాన తెరిపిచ్చిన ఒక ఉదయం, అత్తగారి కోసం ఉప్పు పలకలు కొనడానికి ఇద్దరూ బజారుకు వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు ట్రాములో కిటికీ పక్క సీటు కోసం కాసేపు వాదించుకుని, గెలిచిన అత్తగారు రెండు వీధులు దాటకుండానే కోడలి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. తడిసిన వీధులు ఎండలో మెరుస్తూ వెనక్కి జారుతున్నాయి. తాము దిగాల్సిన చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె లేపలేదు. తెలిసిన దుకాణాలు అయిపోయి, తెలియని గోడలు, గోదాములు, ఎవరో ఆరేసిన దుప్పట్లు వచ్చాయి. పట్టాలు ఆగిపోయిన చోట ట్రాము ఆగింది. కండక్టరు వచ్చి ఆఖరి స్టాపని చెప్పాడు.

పెద్దావిడ కళ్ళు నులుముకుని బయటికి చూసింది. ఎక్కడున్నామని అడిగింది.

"తెలీదు అత్తయ్యా" అంది కోడలు.

"సర్లే, దిగి చూద్దాం పద."