దస్రు జీపుకు రెండు ఆంప్లిఫైయర్లు

పొద్దున ఆరున్నరకు దస్రు తన కమాండర్ జీపును తండాలో బోరింగు దగ్గర నిలబెట్టి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. మొదటి హారన్‌కు ఇల్లందు మార్కెట్‌కు కూరగాయల గంపలు తీసుకెళ్లే ఆడవాళ్లు వచ్చేవాళ్లు. రెండో హారన్‌కు కాలేజీ పిల్లలు, అప్పటిదాకా నిద్ర లేవనట్టు, జుట్టు దువ్వుకుంటూ వచ్చేవాళ్లు. పదిమంది పట్టే బండిలో పద్దెనిమిది మంది సర్దుకునేవాళ్లు. గంపలు పైన, కోళ్లు కాళ్ల దగ్గర.

తండా దాటి అర కిలోమీటరు పోతే అడవి అంచున మారుగుట్ట వస్తుంది. ఆ గుట్ట కింద మలుపులో ఎవరేం మాట్లాడినా గుట్ట విని ఊరుకుంటుంది. సరిగ్గా వారానికి, అదే రోజు అదే వేళకు, తండా దాకా వినిపించేలా ఆ మాట తిరిగి చెప్తుంది. రెండో వారం కొంచెం మెల్లగా, మూడో వారం ఇంకా మెల్లగా. నెల దాటితే ఎవరి చెవికీ అందదు. టీకాల నర్సమ్మ నెలకోసారి ఆ మలుపులో స్కూటీ ఆపి, "బుధవారం వచ్చింది, పిల్లల్ని తీసుకొని బడి కాడికి రాండ్రి" అని గుట్టకు చెప్పి పోయేది. తర్వాత బుధవారాలు గుట్టే చూసుకునేది. మొగుడూ పెళ్లాలు మాత్రం ఆ మలుపులో పోట్లాడుకునేవాళ్లు కాదు. తిట్టిన తిట్టు వారానికి తండా మొత్తం మళ్లీ వినాల్సి వస్తుంది కదా.

అందుకే ఆ దారిన తిరిగే డ్రైవర్లందరూ మారుగుట్ట రాగానే పాట ఆపేసేవాళ్లు. అది ఎవరూ రాయని రూలు.

రెండువేల ఆరులో ఆ దారి మీద కొత్త జీపులు రెండు దిగాయి. వాటిలో సీట్ల కింద పెద్ద పెద్ద స్పీకర్లు. పాట పెడితే కాలేజీ పిల్లలు దస్రు బండిని చూడకుండా వాటిలోకి ఎక్కేవాళ్లు. పైగా టెంటు హౌసు వాళ్లూ, విత్తనాల కంపెనీల వాళ్లూ ఊరూరా మైకులో చెప్పించడానికి మంచి సౌండున్న బండినే కిరాయికి అడుగుతున్నారు. దస్రు ఖమ్మం వెళ్లి ఒక ఆంప్లిఫైయర్ కొనుక్కొచ్చాడు. అట్టపెట్టె మీద పన్నెండు వందల వాట్లు అని మంటల బొమ్మతో రాసి ఉంది. తెలిసినోడితో బిగించుకున్నాడు. పాట పెట్టగానే స్పీకర్లు చినిగిపోతున్నట్టు బరబరమన్నాయి. ఇంజన్ వేగం పెంచితే దానితో పాటే ఈలలాంటి సన్నటి కూత లేచేది. అయినా సౌండు సౌండే కదా అనుకున్నాడు.

ఆ సంబరంలో ఒక శుక్రవారం పొద్దున మారుగుట్ట మలుపులో పాట ఆపడం మరిచిపోయాడు.

ఆ మరుసటి శుక్రవారం అదే వేళకు గుట్ట ఆ బరబరనంతా, ఆ కూతతో సహా, తండా మీదికి వదిలింది. రామక్క బర్రె పలుపు తెంపుకొని చెరుకు తోటలో పడింది. మిగతా బర్రెలు పాలు పిండుతున్నవాళ్ల చేతుల్లో గిన్నెలను తన్నేసి పోయాయి. రామక్క బర్రెను తోలుకొచ్చి కట్టేసి, దస్రు ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

"ఇంక మూడు వారాలు పలుకుతది గిది," అంది. "మూడు శుక్రవారాలు నా బర్రెను నువ్వే పట్టుకోవాలె."

దస్రు మూడు శుక్రవారాలూ బర్రెను పట్టుకున్నాడు. నాలుగో శుక్రవారం ఆంప్లిఫైయర్‌ను ఊడదీసి కొత్తగూడెం తీసుకెళ్లాడు.

కొత్తగూడెంలో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో మధులత షాపు ఉంది. ఆమె నాన్న గనిలో ఫిట్టరు. డ్యూటీ అయ్యాక ఇంటి వరండాలో రేడియోలు బాగుచేసేవాడు. ఆయన పక్కన కూర్చొని టంకం వేయడం నేర్చుకున్న మధులత, ఆయన రిటైరయ్యాక కార్లకూ జీపులకూ స్టీరియోలు బిగించే షాపు పెట్టింది. మొదట్లో వచ్చినవాళ్లందరూ ఆమెను చూసి, "అన్న లేడా అమ్మా?" అని అడిగేవాళ్లు. ఆమె ఏమీ అనకుండా వాళ్ల బండిలో తల పెట్టి, ఒక వైరు పట్టుకొని, "ఇది ఇక్కడ తుప్పు పట్టింది, గందుకే మీకు ఎడమ దిక్కు వస్తలేదు," అనేది. రెండోసారి వచ్చినప్పుడు ఎవరూ అన్నను అడిగేవాళ్లు కాదు.

దస్రు తెచ్చిన ఆంప్లిఫైయర్‌ను ఆమె ఒక చేత్తో ఎత్తి చూసి నవ్వింది. నాలుగు స్క్రూలు విప్పి మూత తీసింది. అంత పెద్ద డబ్బాలో ఒక మూలకు అరచేయంత బోర్డు. మిగతాదంతా ఖాళీ.

"పన్నెండు వందల వాట్లు అట్ట మీదనే ఉన్నయి తమ్మీ," అంది. "లోపల యాభై ఉంటే గొప్ప."

"మరి గంత మోత ఎట్ల వస్తుందక్కా?"

"చాతకానోడు గట్టిగ ఒర్రినట్టు. బలం అయిపోయినంక వచ్చేదే ఆ బరబర. ఇంకో రెండు నెలలైతే నీ స్పీకర్లు గూడ పోతుండె."

ఆమె లోపలి నుంచి ఇంకోటి తెచ్చింది. చిన్నది, నల్లగా ఉంది, దాని మీద ఏ బొమ్మా లేదు. దస్రు చేతిలో పెడితే చెయ్యి కిందికి జారింది. ఇటుక లాగా ఉంది. ధర అడిగితే, మొదటి దానికి నాలుగింతలు చెప్పింది.

దస్రు దాన్ని తిరిగి బల్ల మీద పెట్టాడు. అతని జీపు టాపు చినిగి ఏడాదైంది. వానాకాలం వస్తోంది. ఆ డబ్బు కొత్త టాపు కోసం దాచినది.

"మంచిదే కొనుమని నేను చెప్ప," అంది మధులత. "నలుగురు పాటలు వినుకుంట పోతందుకైతే నడిమి రకం చాలు. గా అలమారల ఉన్నది, అగ్గువకే ఇస్త. నీకు మైకు పని గూడ ఉన్నదంటున్నవు కాబట్టి ఒక్కటి చూపిస్త, చూసి చెప్పు."

రెండు ఆంప్లిఫైయర్లనూ ఒకే బ్యాటరీకి, ఒకే స్పీకర్‌కు మార్చి మార్చి కలిపేలా పెట్టింది. పాట ఏదీ పెట్టలేదు. మొదటిదాన్ని కలిపి బటన్ చివరిదాకా తిప్పింది. పెనం మీద నూనె కాగుతున్నట్టు స్పీకర్ సుయ్‌మంది. తర్వాత నల్లదాన్ని కలిపి అట్లాగే చివరిదాకా తిప్పింది.

ఏమీ వినపడలేదు. దస్రు స్పీకర్‌కు చెవి ఆనించాడు. అయినా ఏమీ లేదు. బయట రోడ్డు మీద ఎవరో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినపడింది.

"ఆన్ చేసినవా అక్కా?"

"చేసిన. పాట లేనప్పుడు ఊకుండుడు గూడ ఒక పనే. పాటను ఏదైనా మోస్తది. ఊకుండుడు రాంది, సన్నటి మాటను మింగుతది."

దస్రు చాలాసేపు ఆ నిశ్శబ్దం దగ్గర కూర్చున్నాడు. చివరికి జేబులోంచి టాపు డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. మధులత ఆ రోజంతా అతని బండి కింద పడుకొని పాత వైర్లు పీకేసి లావు వైర్లు వేసింది. ఎర్త్ వైరును పెయింటు గీకి ఇనుముకే బిగించింది. మైకు కోసం చిన్న బోర్డు తన చేత్తోనే చేసి పెట్టింది. పని అయ్యాక ఇంజన్ వేగం పెంచమంది. ఈల కూత లేదు. ఆమె చేతులు తుడుచుకుంటూ, "ఇగ పో," అంది. అంత గొప్పగా పని చేసినవాళ్లు ఎవరైనా ఇంకొంచెం మాట్లాడతారు. ఆమె అప్పటికే ఇంకో కారు తలుపు తీస్తోంది.

వానలు పడ్డాయి. చినిగిన టాపు లోంచి నీళ్లు కారి గంపలు తడిసేవి. అందరికంటే ఎక్కువ తడిసేది బాలి. నలభై ఏళ్ల మనిషి, ఒక్కతే ఉంటుంది, రోజూ వెనక సీటు చివర కూర్చొని టమాట గంప ఒడిలో పెట్టుకొని పోతుంది.

"పాట వినుకుంట తడవాల్నారా దస్రూ?" అనేది.

"వచ్చే ఏడు టాపు వేయిస్త బాలక్కా."

"వచ్చే ఏటికి నాకు మొలకలొస్తయి."

బాలికి ఒక తమ్ముడు ఉండేవాడు, మంగీలాల్. తల్లీతండ్రీ పోయాక ఆమే పెంచింది. పద్నాలుగేళ్ల కింద వాడు ఎవరిదో ట్రాక్టరు అడిగి తీసుకొని తోలి వరిచేలో బోర్లా పడేశాడు. బాలి పదిమంది ముందు వాడి చెంప మీద కొట్టి, నీ ముఖం నాకు చూపియ్యకు, అంది. వాడు బేస్తవారం పొద్దునే వెళ్లిపోయాడు. సాయంత్రానికి వస్తాడని ఆమె జొన్నరొట్టెలు చేసి పెట్టింది. రాలేదు. ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడనే బాధ ఆమెకు ఆ కొట్టిన దెబ్బ కంటే ఎక్కువ ఉండేది. గుట్టకైనా చెప్పిపోలేదు, అనుకునేది. వారం తిరిగాక ఆ రోజు చెవులు రిక్కించింది కూడా. కానీ ఆ బేస్తవారం తండాలో పెళ్లి. తెల్లారకముందు నుంచే రెండు పెద్ద మైకులు పెట్టి పాటలు వేస్తున్నారు. పక్క మనిషి మాటే వినపడలేదు. తర్వాతి వారాల్లో వాన హోరు తప్ప ఏదీ చెవికి అందలేదు.

ఆగస్టులో ఒక బేస్తవారం దస్రుకు కంటి శిబిరం గురించి మైకులో చెప్పే పని తగిలింది. ప్రయాణికులను ఎక్కించుకొని దారిలోనే చెప్పుకుంటూ బయల్దేరాడు. మారుగుట్ట మలుపు రాగానే, అలవాటు ప్రకారం నోరు మూసుకున్నాడు. అక్కడే ఇంజన్ వేడెక్కి పొగ వచ్చింది. బండి ఆపి, మైకును డాష్‌బోర్డు మీద పెట్టి, నీళ్ల డబ్బా తీసుకొని దిగాడు. మైకు ఆపేయలేదు. అది గుట్ట వైపు తిరిగి ఉంది.

బండిలో అందరూ ఊరికే కూర్చున్నారు. అప్పుడు స్పీకర్లలోంచి మెల్లగా మాటలు రావడం మొదలైంది. ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు. ఒక ముసలాయన దగ్గు. ఎప్పటిదో వాన.

"పాతయి గూడ ఇంక తిరుగుతనే ఉన్నయన్నట్టు," అంది రామక్క, పక్కకు జరిగి కూర్చుంటూ. "నెలకు ఒడుస్తయనుకున్న నేను."

అప్పుడు ఒక కుర్ర గొంతు, "బాయీ," అంది.

లంబాడీలో అక్కను బాయీ అంటారు. బాలి ఒడిలోని గంప అట్లాగే ఉంది. ఆమె చేతులు దాన్ని వదిలేశాయి.

"బాయీ, నేను అశ్వారావుపేట పోతున్న. ఆడ పామాయిల్ తోటల పని ఉన్నదట. నీ కోపం తగ్గినంక రా. నువ్వు రాకుంటే, ఇంక తగ్గలేదనుకుంట."

ఆ తర్వాత అడుగుల చప్పుడు, అది దూరమవడం, మళ్లీ వాన. ఆ పిల్లవాడి ఊపిరి ఎగపోత కూడా వినపడింది, అంత శుభ్రంగా.

దస్రు నీళ్ల డబ్బాతో అట్లాగే నిలబడిపోయాడు. బాలి, "మల్ల పెట్టు," అంది.

"ఇది క్యాసెట్ కాదు బాలక్కా. మల్ల బేస్తారమే."

"అయితే బండి తీయి."

"కంటి క్యాంపు..."

"కండ్లు రేపు గూడ ఉంటయి," అంది వెనకనుంచి రామక్క. "మేము ఇల్లందుల దిగుతం. నువ్వు పో. టమాటలు నేను అమ్మి పెడత."

కానీ దస్రు మాట ఇచ్చిన మనిషి. ఆ రోజు చీకటి పడేదాకా ఊళ్లన్నీ తిరిగి కంటి శిబిరం గురించి చెప్పాడు. బాలి ముందు సీట్లో, ఒక్క ముద్ద తినకుండా, అతని పక్కనే కూర్చుంది. మరుసటి రోజు తెల్లవారుతూనే ఇద్దరూ అశ్వారావుపేట బయల్దేరారు. పాల్వంచ దాటాక పెద్ద వాన పడింది. చినిగిన టాపు కింద ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. ఆంప్లిఫైయర్ మీద మాత్రం దస్రు తన రెయిన్‌కోటు కప్పాడు.

తోటలు రోడ్డుకు రెండువైపులా మైళ్ల కొద్దీ ఉన్నాయి. అన్నీ ఒకే తీరు చెట్లు, ఒకే తీరు వరసలు. కాయల ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగితే వాచ్‌మన్, "మంగీలాల్‌లు శానామంది ఉన్నరు. ఏ మంగీలాల్?" అన్నాడు. బాలికి తెలిసిన మంగీలాల్‌కు పంతొమ్మిదేళ్లు.

దస్రు జీపును తోటల మధ్య మట్టి బాటలోకి తిప్పాడు. మైకు తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఏం చెప్పాలెరా?"

"వాడు ఏం అడిగిండో దానికి జవాబు చెప్పు."

బాలి మైకును పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. స్పీకర్లలో చిన్న సుయ్‌మన్న శబ్దం కూడా లేదు. తోట మొత్తం ఆమె కోసం ఆగినట్టుంది.

"మంగీలాల్," అంది చివరికి. "నేను బాయిని. నాకు కోపం తగ్గింది."

ఆ గొంతు చినగలేదు, మారలేదు. ఉన్నది ఉన్నట్టు, వణుకు వణుకుగానే, మట్టల కింద నుంచి చాలా దూరం పోయింది. దస్రు మొదటి గేరులో మెల్లగా నడిపాడు. ఆమె అదే మాట చెప్తూ పోయింది. మూడు తోటలు దాటారు. నాలుగో తోటలో గెలలు కోసే పొడుగాటి కొక్కెం కర్ర పట్టుకొని ఒక మనిషి వరసలోంచి బాట మీదికి వచ్చాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. జీపుకు పది అడుగుల దూరంలో ఆగాడు.

బాలి దిగింది. చేతిలో మైకు ఉన్న సంగతి మరిచింది.

"పద్నాలుగేండ్లు పట్టిందా బాయీ, తగ్గుతందుకు?" అన్నాడు అతను.

"తగ్గింది ఆనాడే. నీ మాట వినుడే నిన్న."

అతను కొక్కెం కర్రను నేల మీద పెట్టాడు. అక్క తడి కొంగును పట్టుకొని నిలబడ్డాడు. ఆమె అతని చెంప మీద, వెనకటికి కొట్టిన వైపే, అరచెయ్యి ఆనించింది. స్పీకర్లలోంచి ఇద్దరి ఏడుపూ తోటంతా వినపడుతోంది. దస్రు స్విచ్ మీద చెయ్యి పెట్టి, ఆపలేకపోయాడు.

వరసల్లోంచి కూలీలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. వాళ్లలో ఒక ముసలామె ముందుకొచ్చి, "ఎవలమ్మా నువ్వు?" అని అడిగింది.

"గీని అక్కను," అంది బాలి. ఆ మాట కూడా మైకులోనే వచ్చింది.