బానెట్ మీద అమ్మ చెయ్యి

నాన్న పోతూ పోతూ ఇల్లూ గొర్రెలూ మా తమ్ముడు ఉలార్‌కి ఇచ్చి, పాత వోల్గా కారు నాకిచ్చాడు. పెళ్లయి ఇంకో ఇంటికి పోయిన ఆడదానికి కారేమిటని మా అత్‌బాషీ ఊరంతా ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ. నాకు కారు నడపడం కూడా రాదు. నాకు కావలసింది దాని బానెట్ మీదున్న అమ్మ చెయ్యి.

పంతొమ్మిది వందల అరవై ఏడులో జిల్లాకంతటికీ మేటి కాపరి అనిపించుకుని నాన్న బహుమతిగా తెచ్చుకున్న బండి అది. మా వైపు కొత్త వస్తువుకి శుభానికని కొవ్వు రాయకుండా ఎవరు వాడతారు? అమ్మ గొర్రెతోక కొవ్వు కరిగించి, అరచెయ్యి ముంచి, బానెట్‌కి ఎడంపక్కన అద్దింది. ఏటా మంద కొండెక్కే ముందు మళ్లీ సరిగ్గా అక్కడే అద్దేది. అలా ఎనిమిదేళ్లు. తర్వాత ఉలార్‌ని కని, మూడో రోజున కన్నుమూసింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

ఆ పైన నాన్న అందుకున్నాడు. తన చెయ్యి పెట్టేవాడు కాదు. ఉన్ని ఉండని కొవ్వులో ముంచి, ఆ గుర్తు మీదే, గీత దాటకుండా ఊపిరి బిగబట్టి పూసేవాడు. మా కొండల ఎండకి బండి నీలమంతా తెల్లబడి పిండి కట్టింది. వేలు రాస్తే సుద్దలా అంటుకునేది. ఆ చెయ్యి మాత్రం నీలంగా నిలిచింది. అమ్మ ఫోటో మాకు ఒక్కటే ఉంది, గుర్తింపు కార్డుది. అందులో మెడ వరకే ఉంటుంది.

చిన్నప్పుడు ఏటా ఆ గుర్తు మీద నా చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. ఎప్పుడూ చాలలేదు. యాభై రెండేళ్లొచ్చి, రొట్టెల పిండి పిసికీ పిసికీ నా చెయ్యి చేటంత అయినా చాలలేదు. మా అమ్మ భారీ మనిషని అందరికీ గొప్పగా చెప్పేదాన్ని. నాన్న విని ఊరుకునేవాడు.

ఇప్పుడు ఉలార్ కొడుక్కి పెళ్లి. కోడల్ని వాడి తాత బండిలోనే తేవాలి.

"అక్కా, ఈ బూడిద గుమ్మడికాయలో పిల్లని తెస్తే వియ్యాలవారు పడీ పడీ నవ్వుతారు. పెయింటు కొట్టిద్దాం," అన్నాడు.

"కొట్టించు. ముందు నన్ను గోతిలో పెట్టి, ఆనక కొట్టించు."

"నువ్వు అమ్మ ఒళ్లో పడుకున్నావు. నాకేముందక్కా? ఆ మరక చూసినప్పుడల్లా, నేను పుట్టబట్టే పోయిందన్నదొక్కటే గుర్తొస్తుంది."

నలభై మూడేళ్లలో వాడు ఆ మాట అనడం అదే మొదలు. చివరికి మధ్యస్తంగా ఒప్పందం కుదిరింది: కొత్త రంగు వద్దు, ఉన్న రంగునే మా ఊళ్లో బండ్లు బాగుచేసే కాసిమాలి తాత చేత్తో రుద్ది మెరుగుపెడతాడు. చెయ్యి జోలికి మాత్రం పోకూడదు.

కాసిమాలి తాతకి డెబ్బై దాటాయి. యంత్రం పెట్టడు. అంచుల దగ్గర రంగు పల్చన కాబట్టి అక్కడ ఒక్క వేలితోనే రుద్దుతాడు. మెత్తటి గుడ్డకి పేస్టు రాసి తలుపు మీద రుద్దుతుంటే గుడ్డ నీలమైపోతోంది. నా ప్రాణం గిలగిల్లాడింది.

"నా బండినంతా గుడ్డకెక్కిస్తున్నావేంటి తాతా!"

"ఇది చచ్చిన రంగు తల్లీ. ఇది పోతేనే కింద బతికున్నది కనబడుద్ది. నువ్వు కాస్త అవతల నిలబడి తిట్టు, వెలుతురు అడ్డమొస్తున్నావు."

తుడిచాక తలుపు నీలంగా తేలింది. అచ్చం అమ్మ చేతి నీలం. అప్పుడు వెలిగింది నా బుర్ర. బండంతా ఈ రంగుకొస్తే చెయ్యి ఎక్కడుంటుంది? నీలంలో నీలం కలిసిపోతుంది.

"బానెట్ ముట్టుకోవద్దు," అన్నాను.

"ముట్టుకోను. కానీ ఆ పిండి మంచు నీళ్లు తాగుద్ది. మీ నాన్న పోయాక దాన్ని పట్టించుకున్న దిక్కు లేదు. ఇంకో రెండు చలికాలాలు చూడు, కింద రేకు తుప్పు పడుద్ది. అప్పుడు చెయ్యీ ఉండదు, బానెట్టూ ఉండదు."

ముసలాయన్ని తిట్టాను. తమ్ముణ్ణి పిలిచి వాణ్ణీ తిట్టాను. పోయేదేదో నా చేతిలోనే పోనీ అని గుడ్డ లాక్కున్నాను.

చుట్టూ రుద్దుకుంటూ వచ్చాను. తెలుపు తగ్గేకొద్దీ అమ్మ వేళ్లు ఒక్కొక్కటే నీళ్లలో మునిగినట్టు మునిగిపోయాయి. బొటనవేలు ఆఖర్న పోయింది. గుడ్డ పారేసి, చూస్తారన్న సిగ్గైనా లేకుండా ఏడ్చాను. తొమ్మిదేళ్లప్పుడు ఏడవలేదు. అప్పుడు చంకలో తమ్ముడున్నాడు.

"మధ్యలో జిడ్డు మిగిలింది. అదీ తుడిచెయ్యి," అన్నాడు తాత మెల్లగా.

సబ్బు గుడ్డతో తుడిచాను. ఆయన బానెట్ మీదికి వంగి, పక్కవాటుగా చూసి, నా భుజం పట్టి నన్నూ వంచాడు.

నీలంలో ఆకుపచ్చ ఛాయగా ఒక చెయ్యి కనిపించింది. బుల్లి చెయ్యి. సన్నటి వేళ్లు.

"మొదట్నించీ కొవ్వు తాగింది ఈ మేరకే. అందుకే లోపలిదాకా పసుపెక్కింది. మీ అమ్మ పెట్టింది ఇదమ్మా. చుట్టూ పెరిగిందంతా మీ నాన్న. గీత దాటకూడదనుకుంటూనే ఏటా నూలుపోగంత దాటాడు," అన్నాడు తాత.

ఉలార్ దగ్గరికొచ్చాడు. తనూ వంగి చూశాడు.

"ఇంత చిన్నదా అక్కా, అమ్మ?"

ఈ చెయ్యి అద్దిన నాటికి ఆవిడకి ఇరవై రెండేళ్లు. రేపు మా ఇంట అడుగుపెట్టబోయే పిల్లకీ అంతే. నాకంటే ముప్పై ఏళ్లు చిన్నదాని కోసం నేనిన్నాళ్లూ అమ్మా అమ్మా అని అంగలార్చాను. ఇప్పుడు ఎదురొస్తే ఏమే పిల్లా, చలేస్తోందా అని నా శాలువా తీసి కప్పుతాను.

"చిన్నదేరా," అన్నాను. "చిన్నపిల్ల."

ఉలార్ చూపుడువేలు బట్టలకి తుడుచుకున్నాడు. అమ్మ చిటికెనవేలి మీద దాన్ని ఆనించాడు. టీ చల్లారిపోతోందని ఇంట్లోంచి రెండుసార్లు పిలిచినా తియ్యలేదు.