గంట ముందు నడిచే పెట్టె

కొత్త సాఫ్ట్‌వేర్ అన్ని పరీక్షల్లోనూ నెగ్గింది. అదే నాకు మింగుడు పడలేదు.

అల్మాటీ పైన కొండల్లో నది పొడుగునా మా కొలత పెట్టెలున్నాయి. నీటి మట్టం, వాన, వేడి ఎప్పటికప్పుడు పంపుతుంటాయి. వచ్చినవాటిని వచ్చినట్టే కలిపి చూసి, బురద వరద దిగుతోందంటే లోయలో సైరన్ మోగించాలి. పాత సాఫ్ట్‌వేర్ ఆ పని మూలుగుతూ చేసేది. కొత్తది నాలుగు కంప్యూటర్ల మీద పరుగులు తీస్తోంది. ఆఖరి పరీక్షగా ఆ రోజు సైరన్ కూడా దానికే అప్పగించాం. ఆ లోయలోనే మా అక్క జమాల్, ఆమె పిల్లలు ఉంటారు.

"కొత్తది బాగుందని సంతకం పెట్టవేం రౌషన్? పెళ్లిచూపులా, ఇంతసేపు చూడ్డానికి?" అన్నాడు మా పై అధికారి సాకెన్.

"ఇంత వేగం ఎక్కణ్ణుంచొచ్చింది సాకెన్ అన్నా? అసలు ఇది పని చేస్తోందా?"

"నెమ్మదిగా ఉంటే తిడతావు, వేగంగా ఉంటే అనుమానిస్తావు. నీతో ఎలా వేగాలి?"

కాసేపు కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. బయట ఎండ మండిపోతోంది. ఇలాంటి ఎండకే పైన మంచు కరిగి మీద పడుతుంది. ఉండబట్టలేక అన్నిటికంటే పైనున్న వాతావరణ కేంద్రానికి ఫోన్ చేశాను. అక్కడ పని చేసేది, అక్కడి పెట్టెని చూసుకునేది మా నాన్న తొక్తార్.

"నాన్నా, ఏట్లో నీళ్లెలా ఉన్నాయి?"

"పాలు పోసిన టీలా ఉన్నాయమ్మా. రాళ్లు దొర్లుతున్న చప్పుడు. మీ పెట్టెలు చెప్పలేదా?"

తెర మీద నది నిద్రపోతోంది. "ఎప్పట్నుంచి?"

"రెండు దాటినప్పట్నుంచి."

మా గోడ గడియారంలో ఇంకా రెండు కాలేదు.

నాన్న గడియారం గంట ముందుంది. మార్చిలో ప్రభుత్వం గడియారాలు గంట వెనక్కి తిప్పమన్నప్పుడు, "సూర్యుణ్ణి అడిగే తిప్పుతున్నారా?" అని దెబ్బలాడిన మనిషి ఆయన. తన పెట్టెలో గడియారాన్నీ తిప్పలేదన్నమాట! పాత సాఫ్ట్‌వేర్ కబుర్లు వచ్చిన వరసలోనే చూసేది. కొత్తది ప్రతి కబురు మీదా ఉన్న సమయాన్ని నమ్ముతుంది. నాన్న పెట్టె మాట నమ్మి ఆ గంట గడిచిపోయిందనుకుంది. కింది పెట్టెలు నీళ్లు పెరుగుతున్నాయని మొత్తుకుంటుంటే, అవన్నీ పాత కబుర్లని పారేసింది. ఒక్క నాన్న పెట్టె మాట మీదే వరదని తేల్చదు. పని లేదు కాబట్టే అంత వేగం.

సైరన్ చేత్తో నొక్కేశాను.

"పిచ్చా నీకు?" అని సాకెన్ లేచాడు. నేను చెయ్యి తియ్యలేదు.

చాలాసేపటికి అక్క ఫోన్ చేసింది. "గుట్టెక్కేశామే. పిల్లలు నా దగ్గరే ఉన్నారు. వంటిల్లు పోయింది." నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే సైరన్‌ను పాత సాఫ్ట్‌వేర్‌కి తిరిగి కలిపాను. సాకెన్ సంతకం ఊసెత్తలేదు.

అప్పుడు నాన్నకి ఫోన్ చేసి అరిచాను. "నీ మొండితనానికి అక్క కొట్టుకుపోయేది, తెలుసా?" జరిగిందంతా చెప్పాను.

ఏదో ఒక ఎత్తిపొడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

"పిల్లలు?" అన్నాడు చివరికి.

"గుట్ట మీదున్నారు."

ఫోన్లో నది హోరు మాత్రం వినిపిస్తోంది.

"మీ దగ్గర ఇప్పుడు టైమెంతమ్మా?" అన్నాడు.

చెప్పాను.