స్టార్టరుకు కట్టిన తువ్వాల

కురుమూర్తిని కరెంటు పొట్టన పెట్టుకుందని ఊరంతా అనుకున్నారు. అసలు సంగతి తెలిసింది ఒక్క ఉమకే, అతని కూతురికి. దినాలు అయ్యేదాకా ఆ మాట ఆమె గొంతు దాటలేదు.

గోపాల్‌పేట పక్క ఊరు వాళ్లది. ఉమ రోజూ బస్సెక్కి వనపర్తికి పోయి కంప్యూటర్ డిగ్రీ చదువుతోంది. మొదటి ఏడాది అందరికీ చెప్పే పాఠాలే ఆమెకూ చెప్పారు. వేరియబుల్ అంటే పేరు రాసి పెట్టుకున్న గిన్నె, అందులో ఏది వేస్తే అది ఉంటుంది. ఇఫ్ అంటే ఇలా ఉంటేనే ఇది చెయ్యమనే షరతు. లూప్ అంటే ఆపమనేదాకా అదే పని మళ్లీ మళ్లీ చేయడం. కంప్యూటర్‌కు సొంత బుర్ర లేదు, చెప్పింది చేస్తుంది, చెప్పనిది దాని లెక్కలో లేనట్టే అని సారు బల్ల గుద్ది మరీ చెప్పాడు. పిల్లలంతా బుద్ధిగా రాసుకున్నారు. రాసుకున్నంత మాత్రాన తలకెక్కుతుందా?

కురుమూర్తికి మోకాళ్ల నొప్పులు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోరు మోటరు వేయడానికి కుంటుకుంటూ చేనికి పోయేవాడు. అది చూడలేక ఉమ చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి తెచ్చి, ప్రోగ్రాం రాసి, డబ్బాలో పెట్టి స్టార్టరుకు బిగించింది. అందులో రాసింది నాలుగు ముక్కలే. కాసేపటికోసారి చూడు, కరెంటు ఉండి మోటరు ఆగి ఉంటే మోటరు వెయ్యి. ఇక మంచం దిగకుండానే నీళ్లు పారిస్తున్నానని కురుమూర్తి కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటుంది. వైరు పని చేసే మనిషి స్టార్టరు ఎర్ర బటను నొక్కి మోటరు ఆపి, భుజం మీది తువ్వాల తీసి ఆ పెట్టెకు కడతాడు. తువ్వాల కనబడితే దారిన పోయేవాడు కూడా పెట్టె ముట్టడు. ఫ్యూజు పీకడం పిరికివాళ్ల పనని నవ్వేవాళ్లు. ఆ ముడినే నమ్ముకుని బతికిన ఊరది.

ఆ పొద్దున బోరు దగ్గర వైరు అతుకు వదులైంది. కురుమూర్తి ఎర్ర బటను నొక్కాడు, తువ్వాల కట్టాడు, కూర్చుని అతుకు విప్పి రెండు కొసలూ చేతుల్లోకి తీసుకున్నాడు. డబ్బా తన వేళకు తాను చూసింది. కరెంటు ఉంది, మోటరు ఆగి ఉంది. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో చూడమని ఉమ దానికి రాయలేదు.

కట్టిన తువ్వాల కట్టినట్టే ఉంది గనక ఎవరూ పెట్టె ముట్టలేదని జనం తేల్చేశారు. లైనులోనే ఏదో లోపమని ఎవరి తోవన వాళ్లు పోయారు.

దినాలు అయిన మరునాడు పక్క చేను పెంటయ్య వచ్చాడు. కురుమూర్తికి వరసకు తమ్ముడు. వదిన హన్మమ్మను ఓదార్చి, చాయ్ తాగి, లేవబోతూ ఉమ వైపు తిరిగాడు.

“బిడ్డా, గా డబ్బ మంచిగ పనిచేసె. నా మోటరుకు గూడ జర పెట్టియ్యవా?”

పెట్టనంటే ఆ పూటకు గడిచిపోయేది. కానీ పెంటయ్య వనపర్తికి పోయి ఎవరితోనైనా పెట్టించుకుంటాడు. అతుకు ఊడిన రోజు ఆయన కూడా తువ్వాలే కడతాడు.

“వద్దు చిన్నాయినా. నాయినను సంపింది గా డబ్బనే. గట్ల రాసింది నేనే.”

మొదలు నుంచీ చెప్పింది, ఏదీ దాచలేదు. పెంటయ్య చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. హన్మమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండునని ఉమకు అనిపించింది. తల్లి ఒక్కటే అడిగింది.

“తువ్వాల కడితే ముట్టొద్దని దానికి చెప్పలేదా బిడ్డా?”

“చెప్పలే అమ్మా.”

“ఊళ్లె పసిపోరగాళ్లకు గూడ తెల్సు గదా.”

ఉమకూ తెలుసు. నడక నేర్చిన నాటి నుంచీ తెలుసు. అంతగా తెలిసిన సంగతి గనకే, రాయాలని తోచలేదు.