పేరు పిలిచినప్పుడు

వీణ హోటల్ బాత్రూములో భర్త శరణ్ సాక్సులు ఉతికి, హీటరు మీద ఆరేసి, నిన్నటి జత మడిచి ఆయన బూట్ల పక్కన పెట్టి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంది. ప్రాగ్ నగరానికి వచ్చి నాలుగు రోజులైంది. బళ్ళారిలో ఇల్లు వదిలి వచ్చిందే గాని, పని మాత్రం ఆమెకంటే ముందే విమానం దిగి కాచుకుని కూర్చుంది. సంచిలో కరకరలాడే ఖడక్ జొన్నరొట్టెలు, వేరుశనగల శేంగా పొడి, నీళ్ళ సీసా, గొడుగు, ఆయన చలికోటు, ఆయన బీపీ మాత్రలు సర్దుకుని భుజానికి తగిలించుకుంది.

"అయ్యిందా లేదా? కింద పేర్లు పిలుస్తాండారు," అన్నాడు శరణ్ తలుపు దగ్గర నిలబడి.

పురుగుమందులు బాగా అమ్మిన అంగళ్ళవాళ్ళను కంపెనీ ఈ టూరుకు తెచ్చింది. దంపతులు ఇరవైమూడు జతలు. వాళ్ళను తిప్పేవాడు అనంతపురం రామాంజినేయులు. పొద్దున, మధ్యాహ్నం, బస్సు ఎక్కేముందు ఆయన జాబితా చదువుతాడు. అందులో అంగడికి ఒకే పేరు, లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్ళది. ఒక పేరు పలికితే ఇద్దరూ వచ్చినట్టు లెక్క.

"బళ్ళారి, వీణ."

"యస్ సార్," అన్నాడు శరణ్ చెయ్యెత్తి.

మొదటిరోజు బస్సంతా నవ్వింది. నాలుగో రోజుకు ఎవరికీ నవ్వు రాలేదు. వీణ అంటే ఈయనే అని అందరికీ అలవాటైపోయింది, ఆమెక్కూడా.

పురుగుమందులు అమ్మాలంటే డిగ్రీ ఉండాలని రూలు వచ్చినప్పుడు ఆ ఇంట్లో డిగ్రీ ఉన్నది ఆమెకే. కెమిస్ట్రీలో బీఎస్సీ. పెళ్ళయ్యాక పదిహేనేళ్ళు బీరువా అడుగున పడున్న సర్టిఫికెట్టును మామ విరూపాక్షయ్యే బయటికి తీయించాడు. "కాగితం నీ పేర ఉంటే ఉండనీ. అంగడి మాత్రం మొగోనిది," అని అత్త సరస్వతమ్మ ఆరోజే తేల్చి చెప్పింది. ఆమె ఫోటో అంటించిన లైసెన్సు ఫ్రేములో శరణ్ కుర్చీ వెనక గోడకు ఎక్కింది. ఆమె మాత్రం మందుపెట్టెల వెనక స్టూలు మీద కూర్చుంది. సిరుగుప్ప నుంచి రైతు హులిగప్ప, రోగం తగిలిన వరి ఆకును కవరులో పెట్టి తెస్తే శరణ్ దాన్ని వెనక్కి అందిస్తాడు. ఆమె ఆకు తిప్పి చూసి ఏ మందో, ట్యాంకుకు ఎంతో మెల్లగా చెబుతుంది. ఆయన అదే మాటను గట్టిగా చెబుతాడు. "నీ చెయ్యి మంచిదప్పా," అని హులిగప్ప ఆయనకు దండం పెట్టి పోతాడు. ఆ దండం తనదేనని వీణకు ప్రతిసారీ తెలుసు. తెలిసి కూడా పంట బాగుపడింది కదా అని సర్దుకునేది. సర్దుకోవడంలో ఆమెను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు.

ఆరోజంతా కాలినడకే. వంతెన, కోట, చర్చిలు. రాళ్ళు పరిచిన సందుల్లో శరణ్ ముందు నడుస్తున్నాడు, సంచితో ఆమె వెనక. ఎండాకాలం హగరి ఏటిలో ఇసుక తప్ప చూడని కళ్ళకు ఇక్కడి నది అంచులదాకా నీళ్ళతో కనబడింది. నిలబడి చూడాలనిపించింది. "ఏందే ఆడ, నీళ్ళే గదా. జల్దీ నడువు," అన్నాడాయన. ఆయన ఫోను ఆమె చేతిలోనే ఉంది, ఆయన ఫోటోలు తీయడానికి. తీసిన ప్రతిసారీ లాక్కుని చూసుకునేవాడు. చివరికి, "ఇయ్యి, నీకు సరిగ్గా రాదు," అని జేబులో వేసుకున్నాడు.

ఒక సందులో పాత మందుల అంగడి కనిపించింది. ఇప్పుడు అమ్మకం లేదు, చూడ్డానికి ఉంచారు. అద్దం వెనక చిన్న త్రాసు, వరసగా సీసాలు. ఒకదానిలో నీలంగా మైలుతుత్తం. కాలేజీ ల్యాబులో ఆ నీలం రంగును గాజుగొట్టంలో చుక్కచుక్కగా వదిలిన చేతులు ఆమెవే. లెక్చరర్ "క్లాసులో నీ రీడింగే కరెక్టు" అన్నరోజు ఇంటిదాకా నడుస్తూ నవ్వుకుంది. ఆ పిల్ల ఏమైపోయిందని వీణకు ఏడుపొచ్చింది. అద్దానికి చెయ్యి ఆనించి పది నిమిషాలు నిలబడింది.

వెనుదిరిగేసరికి శరణ్ లేడు.

మూడు గంటలకు ఊరి నడుమ ఉన్న పెద్ద గడియారం కింద కలవాలని పొద్దున చెప్పారు. వచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషుతో, మణికట్టు మీద వేలితో కొట్టి చూపిస్తూ దారి అడుక్కుంటూ వచ్చింది. మూడుంపావు. గడియారం కింద వందమంది ఉన్నారు, తనవాళ్ళు ఒక్కరూ లేరు. బస్సు ఆగిన చోటు ఖాళీ. పాస్‌పోర్టు ఆయన దగ్గర, ఫోను ఆయన దగ్గర, హోటలు పేరు ఆయనకే తెలుసు. అక్కడే ఒక మెట్టు మీద కూర్చుంది.

తను లేకుండా ఎలా కదిలారు? జాబితా చదవకుండా బస్సు కదలదు కదా. అప్పుడు తట్టింది. పేరు పిలిచి ఉంటారు. ఆయన "యస్ సార్" అని ఉంటాడు.

భయం ఎంతసేపు ఉందో ఆమెకే తెలియదు. అది తగ్గాక ఆకలి తెలిసింది. సంచి విప్పి రొట్టె విరిచి శేంగా పొడి అద్దుకుని తింది. పెళ్ళయ్యాక ఆయనకు వడ్డించకుండా తినడం ఇదే మొదలు. నాలుగు కొట్టగానే గడియారం పైన కిటికీలు తెరుచుకుని బొమ్మలు ఒక్కొక్కటే వచ్చిపోయాయి. తలెత్తి అన్నింటినీ చూసింది. నడువు అనేవాళ్ళు లేరు.

నాలుగున్నరకు శరణ్, రామాంజినేయులు ఆయాసపడుతూ వచ్చారు.

"తప్పు నాదే అక్కా. పేరు పిలిస్తి, పలికినారు. లెక్క సరిపాయ అనుకుంటి," అన్నాడు రామాంజినేయులు.

"ఆడోళ్ళ ఎంబడి వెనక సీట్లో ఉండావనుకుంటి," అన్నాడు శరణ్. "హోటలు కాడ దిగి మాత్రకని చెయ్యి చాపితే నువ్వు లేవు. పేరు పిలిసేయాళకు ఉండాల గదా. అందరి ముందర నా మర్యాద పాయ."

మాత్ర గుర్తొచ్చేదాకా తను గుర్తు రాలేదు. వీణ కోప్పడలేదు. "పిలిసింది నా పేరు గదా," అని మాత్రం అంది. సంచి విప్పి మాత్రల పట్టీ తీసి ఆయన చొక్కా జేబులో పెట్టింది. సంచి ఆయన చేతికిచ్చి ముందు నడిచింది. ఆయన ఒకసారి రామాంజినేయుల్ని చూసి, సంచి భుజానికి వేసుకుని వెనక నడిచాడు.

మర్నాడు ఆరిన సాక్సులు హీటరు మీదే ఉన్నాయి. శరణ్ వెతుక్కుని తొడుక్కుని వచ్చేసరికి వీణ బస్సు దగ్గర నిలబడి ఉంది.

"బళ్ళారి, వీణ."

శరణ్ చెయ్యి అలవాటుగా సగం లేచింది.

"ఉండాను," అంది వీణ. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

రామాంజినేయులు జాబితా నుంచి తలెత్తి ఆమెను చూశాడు. పక్కన సంచితో నిలబడ్డ మనిషినీ చూశాడు. "మరి శరణన్నో, అక్కా?"

"వచ్చినారు," అంది వీణ. "నా ఎంబడి వచ్చినారు."