సొరచేప గొంతు

సొరచేప అరవదు. సొరచేప సినిమా మొదటి భాగం తీసేటప్పుడు ఎవరో ఆ మాటంటే మా ఆయన, "దానికి గొంతు లేకపోతే నాకుందిగా!" అన్నారట. సగం నీళ్లు పోసిన ఇనుప డ్రమ్ములో తల పెట్టి ఆయన గర్జించిన గర్జనకు హాల్లో జనం కాళ్లు సీట్ల మీదికి లాక్కున్నారు. ఆయన నా పక్కనే కూర్చుని నవ్వుతున్నా, నేనూ లాక్కున్నాను.

సినిమాలకు చప్పుళ్లు చెయ్యడం ఆయన పని. గుర్రపు డెక్కలు, తలుపు కిర్రు, పులి, పాము, అన్నీ ఆయనే. ఇంటికొస్తే మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. గొంతుకు విశ్రాంతట! ఉప్పు కావాలంటే వేళ్లు నలిపి చూపించేవారు. "నేను పెళ్లాడింది మనిషినా, గోడనా?" అని దెప్పేదాన్ని. దానికీ నవ్వే జవాబు.

ఆయన పోయాక ఇల్లంతా వెతికాను. ఫొటోలున్నాయి. ఫోనులో నాకు పంపినవన్నీ బొటనవేలి బొమ్మలే. ఆయన మాట మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ పాత సొరచేప సినిమా కూడా ఎక్కడా దొరకలేదు. ఏడాది తిరగకముందే ఆ గొంతు ఎలా ఉండేదో మరిచిపోతున్నానని తెలిసి భయమేసింది.

అందుకే, స్టూడియోలో ఆయనతో పనిచేసిన సౌండు ఇంజనీరు ఫోన్ చేసి, "వదినగారూ, రెండో భాగం వస్తోంది. ఒకచోట అన్నయ్య పాత గర్జనే పెట్టారట," అనగానే ప్రాణం లేచొచ్చింది. మా ఆడపడుచును తోడు రమ్మన్నాను.

"అన్నయ్య అరుపు వినడానికి టికెట్టు కొనాలా వదినా? చిన్నప్పుడు ఊరికే విన్నాను," అంది.

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్కదాన్నే మ్యాట్నీకి వెళ్లాను.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది సినిమా. రబ్బరు సొరచేపకు తోక దగ్గర అతుకు కనిపిస్తూనే ఉంది. అది నోరు తెరిచినప్పుడల్లా మిక్సీలో గులకరాళ్లు వేసినట్టు ఏదో కంప్యూటరు చప్పుడు. హీరోయిన్ మునిగిపోతుంటే వెనక వరసలోంచి ఒకతను, "అమ్మా, లేచి నిలబడు, నీళ్లు మోకాలి లోతే!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సొరచేప నోరు తెరిచిన ప్రతిసారీ చెవులు రిక్కించాను. ప్రతిసారీ ఆయన కాదు.

ఇంటర్వెల్‌లో సగం మంది ఇళ్లకు పోయారు. నేను కదల్లేదు. ఇంజనీరు లేనిపోని ఆశ పెట్టాడని తిట్టుకుంటూ కూర్చున్నాను.

చివరికి సముద్రం అడుగున గుహ వచ్చింది. ఆ చీకట్లో ముందుగా ఎవరో గొంతు సవరించుకున్నారు. రోజూ పొద్దున్నే మా స్నానాలగదిలోంచి వినిపించిన సవరింపు అది. వెంటనే గర్జన, అదే పాత గర్జన. అక్కడితో కత్తిరించాలి కదా! ఎంత శ్రద్ధగల మహానుభావులో గానీ, పాత టేపును ఉన్నదున్నట్టు అతికించేశారు. సొరచేప ఇంకా నోరు మూయనే లేదు. కాస్త ఆయాసపడుతూ, మెత్తగా, ఆయన అడిగారు.

"సరిపోయిందా? ఇంకోసారి చెయ్యనా?"

హాలు గొల్లున నవ్వింది. "ఒరేయ్, సొరచేప మాట్లాడిందిరోయ్!" అని ఎవరో ఈల వేశారు. ఆ ప్రశ్న నన్ను అడిగింది కాదు. ఎప్పుడో, ఏ స్టూడియోలోనో, ఎవరినో అడిగింది. తెలుసు. అయినా బదులు చెప్పకుండా ఉండలేకపోయాను.

"చెయ్యండి," అన్నాను. పైకే అన్నాను.

ముందు వరసలో ఒకతను వెనక్కి తిరిగి, పొట్ట పట్టుకుని నవ్వుతూ, "భలే అన్నారండీ పిన్నిగారూ!" అన్నాడు. నేను తెర వైపే చూస్తున్నాను. సొరచేప మళ్లీ నోరు తెరిచింది. ఈసారి ఆ గొంతు ఆయనది కాదు.