ఆళ్లగడ్డలో మూడు ప్రింటర్లు

తెర మీద అంకె తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆగింది. గుర్తుపట్టని పరికరాలు: సున్నా.

నంద్యాలలోని విత్తనాల కంపెనీ ఆఫీసులో హిమజ కుర్చీలోనే చిన్నగా ఊగింది. పెళ్లయి నెల కూడా కాలేదు. కొత్త మెట్టెలు కుర్చీ కాలికి తగిలి టింగుమన్నాయి. ఆ చప్పుడంటే ఆమెకు మహా ఇష్టం. ఎవరూ చూడట్లేదని చూసుకుని ఇంకోసారి తగిలించింది.

పది రోజులుగా ఆ సాఫ్ట్‌వేర్‌తోనే కుస్తీ. కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి పరికరాన్నీ పలకరించి, అదేమిటో రాసుకోవడం దాని పని. మేనేజరు ఆదినారాయణ వచ్చి తెర చూసి తలూపాడు.

"బాగుందమ్మా. సాయంత్రం ఆరు నుంచే మొదలుపెడదాం."

ప్రింటర్లలోంచి బయటివాళ్లు ఎవరూ చొరబడకుండా, రాత్రంతా వాటికి నెట్‌వర్క్ ఆపేయాలన్నది ఆయన కొత్త పద్ధతి. జాబితాలో ప్రింటర్ అని ఉన్న ప్రతిదానికీ ఆగిపోతుంది.

ఆయన అటు వెళ్లగానే హిమజ భర్తకు ఫోన్ చేసింది. కిరణ్ ఆళ్లగడ్డలో అదే కంపెనీ కోల్డ్ స్టోరేజీ చూసుకుంటాడు. రోజూ బండి మీద పోయి వస్తాడు.

"మీ ఆళ్లగడ్డవన్నీ లెక్కకొచ్చినాయి. మూడు ప్రింటర్లతో సహా."

"మూడా? ఈడుండేది ఒగటే హిమా. అదీ దగ్గుతాంది. మిగతా రెండూ యాడివి, మీ పుట్టింటోల్లు పంపించినారా?"

హిమజ నవ్వబోయి మధ్యలోనే ఆగింది. "మరి జాబితాలో ప్రింటర్లని ఉన్న ముప్పై ఒకటి, ముప్పై రెండు నెట్‌వర్క్ నంబర్లు ఏందివి?"

"అవా, పీడీయూలు."

సర్వర్ల బీరువా వెనక నిలువుగా బిగించే కరెంటు బోర్డులవి. చల్లగదిలో వేడి కొలిచే తీగలు కూడా వాటికే తగిలించారు. లోపల వేడెక్కితే కిరణ్ ఫోనుకు మెసేజ్ పంపేవి అవే.

"పాత ప్రింటర్ల నంబర్లు వాటికెందుకు ఇచ్చినారు?"

"మా స్టోర్‌కీపర్ సుంకన్న మామ సంగతి తెల్సు గదా. బస్తాలు ఎత్తినాక ఖాళీ అయిన గూటి నంబరు ఊరికే పోనీడు, కొత్త సరుక్కి అదే రాస్తాడు. ప్రింటర్లు చెడిపోయినాయి, ఇవొచ్చినాయి. ఆ నంబర్లే రాసిచ్చినాడు, నేను పెట్టినా."

హిమజకు మొన్నటి సాయంత్రం గుర్తొచ్చింది. అన్నీ పలికాయి, రెండు మాత్రం పలకలేదు. వాటికి పాస్‌వర్డ్ ఉంది, అది ఆమె దగ్గర లేదు. జవాబు రాకపోతే పాత రికార్డును నమ్మాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. బయట కిరణ్ బండి హారన్ కొడుతున్నాడు. అవునని టిక్ పెట్టేసి చున్నీ సర్దుకుంటూ పరిగెత్తింది.

"ఆరు దాటితే ఆ రెండూ మూగబోతాయి," అంది. "రాత్రి గది వేడెక్కినా మీకు తెలీదు."

కిరణ్ గొంతులో వేళాకోళం పోయింది. "లోపల మూలవిత్తనముంది. వచ్చే సీజన్ విత్తనమంతా దాన్నుంచే పండించాల." మళ్లీ తనే, "సార్‌కు నా తప్పని చెప్పు. నంబర్లు పెట్టింది నేనే గదా" అన్నాడు.

"టిక్ పెట్టింది మీరు కాదు గదా."

గోడ గడియారం అయిదుంబావు చూపిస్తోంది. ఆదినారాయణ గదికి నడుస్తుంటే మెట్టెల చప్పుడు మరీ గట్టిగా వినిపించింది. ఆయన అప్పుడే ఫోన్ పెట్టేస్తున్నాడు.

"మన కంపెనీ పెద్దాయనకు ఇప్పుడే చెప్పినానమ్మా, సున్నా అని. నీ రిపోర్టు గూడా పంపించినా."

"సున్నా కాదు సార్. రెండు."

మొత్తం చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"మొగుణ్ని కాపాడతాండావా?"

"లేదు సార్. నంబర్లు ఆయన పెట్టినారు. అడిగి తెలుసుకోకుండా నమ్మింది నేను."

ఆయన కంప్యూటర్ వైపు తిరిగి ఆరు గంటల పనిని రద్దు చేశాడు. "రిపోర్టు నీ సంతకంతో పోయింది. దిద్దింది గూడా నీ సంతకంతోనే పోతాది. పెద్దాయన ఏమంటాడో నాకు తెలీదు."

"సరే సార్."

బయటికొచ్చి మళ్లీ ఫోన్ చేసింది. కిరణ్ మొదటి రింగుకే ఎత్తాడు.

"ఆపేసినారు," అంది. "రేపు మీ బండి మీద నేనూ వస్తాండా. ఏడింటికే పోదాం. ఆ రెండిటికీ కొత్త నంబర్లిచ్చి, వాటి పాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, ఒక్కోదాన్నీ అడుగుతా. నేను పీడీయూనని అది చెప్పేదాకా లేయను. సుంకన్న మామను నంబర్ల పుస్తకం తెచ్చుకోమనండి, కొత్తవి రాసుకుంటాడు."